గోదావరి డెల్టాలో ఇల్లు కట్టే పని ఎవరికి ఇవ్వాలి: మేస్త్రీకా, కాంట్రాక్టరుకా, సంస్థకా?

రైసు మిల్లు గోదాము కట్టినవాడికి మూడు గదుల డాబా ఒక లెక్కా? రోడ్లూ కల్వర్టులూ వేసే కాంట్రాక్టరు మనవాడే కదా, ఇల్లూ ఆయనకే అప్పగిస్తే పోలేదా? అమలాపురం నుంచి భీమవరం దాకా ఇల్లు తలపెట్టిన ఏ కుటుంబంలో కూర్చున్నా ఈ మాటలే వినిపిస్తాయి. ఒకపక్క తండ్రి కాలం నుంచి ఊళ్లో తాపీ పని చేస్తున్న మేస్త్రీ ఉంటాడు. ఇంకోపక్క చదరపు అడుగుకు ఇంత అని మాట్లాడుకుని, అన్నీ తామే చూసుకుని తాళం చేతికిస్తామనే సంస్థలు రాజమహేంద్రవరం, కాకినాడల్లో ఉన్నాయి. వీరిలో ఎవరు మంచివారన్న ప్రశ్న కన్నా మీ స్థలానికి, మీ వీలుకు ఎవరు సరిపోతారన్న ప్రశ్న ముఖ్యం. ఆ సంగతి తేల్చుకోవడానికే ఈ పోలిక.

ఇంటి పనికీ మిగతా పనులకూ తేడా

ప్రభుత్వ పని తీసుకోండి. ఇంజినీరు వచ్చి కొలిచి ఎం-బుక్కులో (కొలతల పుస్తకంలో) రాస్తే తప్ప బిల్లు రాదు. పోసిన కాంక్రీటుతో ఘనాలు చేసి ల్యాబుకు పంపుతారు. పని పూర్తయినా కాంట్రాక్టరు సొమ్ములో కొంత ఆపి ఉంచుతారు. అపార్టుమెంటుకు స్ట్రక్చరల్ ఇంజినీరు ఇచ్చిన డ్రాయింగు ఉంటుంది, దాని వెనుక 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ఉంటుంది. ఫ్లాటు చేతికిచ్చిన 5 ఏళ్లలోపు నిర్మాణ లోపం బయటపడితే బిల్డరు అదనపు సొమ్ము అడగకుండా సరిచేయాలని ఆ చట్టం చెబుతుంది. గోదాముకు ఇవేవీ లేకపోయినా, కట్టించే యజమాని వ్యాపారి. అంతకుముందు ఒకటో రెండో కట్టించి ఉంటాడు, ఏ పనికి ఏ ధరో తెలిసినవాడు.

సొంత ఇంటికి ఇలాంటి కాపలా ఏదీ లేదు. కట్టించేవారు చాలామంది జీవితంలో ఒక్కసారే కట్టిస్తారు. దాచుకున్న డబ్బంతా అందులోనే పోస్తారు. రేపు అందులో ఉండేదీ వారే కాబట్టి, గోడలు లేచాక కిటికీ చిన్నదైందనో దేవుడి గది ఇటు ఉండాలనో అనిపించడం సహజం. రోడ్డు పనిలో మధ్యలో ఇలా మనసు మార్చుకునే యజమాని ఉండడు.

ఇంకో తేడా ఉంది, దాన్ని చాలామంది గమనించరు. రోడ్డు పనిలో పరిమాణం పెద్దది, పని రకాలు తక్కువ. ఇంట్లో పరిమాణం చిన్నది, పని రకాలు లెక్కలేనన్ని. మట్టి పని, రాడ్ బెండింగ్, సెంట్రింగ్, తాపీ, ప్లంబింగ్, కరెంటు, వడ్రంగం, టైల్స్, రంగులు, ఒక్కోదానికి ఒక్కో ముఠా. ఒకరి పని మీద ఇంకొకరి పని పడి కప్పేస్తుంది. ఊచలు కాంక్రీటు కింద, పైపులు ప్లాస్టరింగు కింద దాగిపోతాయి. పెద్ద పనుల కాంట్రాక్టరుకున్న యంత్రాలూ మనుషుల బలమూ ఇక్కడ పెద్దగా అక్కరకు రావు. ఏ ముఠా ఎప్పుడు రావాలో చూసుకుంటూ, కప్పెట్టకముందే తనిఖీ చేసే మనిషి కావాలి. అందుకే ఇల్లు ఎవరికివ్వాలని నన్నడిగితే, ఆ కాపలా ఎవరు కాస్తారని ముందు అడుగుతాను. మిగతా లెక్కలన్నీ ఆ తరువాతే.

ముందు మీ స్థలాన్ని చూడండి

డెల్టాలో నేల అంతా ఒక తీరుగా ఉండదు. కాలువల కింది మాగాణిలో నల్లటి బంకమట్టి ఎక్కువ, వానలకు ఉబ్బుతుంది, ఎండలకు నెరియలు విచ్చుతుంది. లంకల్లో ఇసుక, ఒండ్రు. అంతర్వేది, ఓడలరేవు వైపు ఇసుక నేల, ఉప్పుగాలి. ఆకివీడు, ఉండి, భీమవరం చుట్టుపక్కల నిన్నటిదాకా చేపల చెరువుగా ఉన్న చోటే ఇవాళ ఇళ్ల స్థలాలు వేస్తున్నారు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువలు పారడం మొదలైనప్పటి నుంచి ఈ భూమి ఏడాదిలో ఎక్కువ నెలలు తడిగానే ఉంటోంది. నాలుగడుగులు తవ్వేసరికి నీళ్లు కనబడే ఊళ్లు ఎన్నో.

ఈ నేలల్లో పునాదిని పక్కింటి వాళ్లను చూసి నిర్ణయించకూడదు. రేగడి లోతుగా ఉన్న చోట అడుగున వెడల్పు చేసి పోసే అండర్ రీమ్డ్ పైల్స్‌ను కనీసం 3.5 మీటర్ల లోతుకు దించాలని కోడు (భారత ప్రమాణాల సంస్థ పెట్టిన నిర్మాణ నియమాలు) చెబుతుంది. నేల ఉబ్బడం, కుదించుకుపోవడం పైపొరల్లోనే ఎక్కువ, ఆ లోతులో తేమ ఏడాది పొడవునా పెద్దగా మారదు. బంకమట్టి మెత్తగా ఉంటే ఇబ్బంది ఇంకో రకం: బరువుకు ఇల్లు ఒకపక్క ఎక్కువగా, ఒకపక్క తక్కువగా కుంగుతుంది. అక్కడ పైల్సా, ఇల్లంతటికీ ఒకే రాఫ్టా, విడివిడి ఫుటింగులా అన్నది మట్టి పరీక్ష చెప్పాలి. ఇంటి మొత్తం ఖర్చులో ఆ పరీక్షకయ్యేది చాలా చిన్న భాగం. పెద్ద పనుల్లో అది లేకుండా డ్రాయింగే గీయరు. ఇంటి దగ్గరకు వచ్చేసరికి అందరూ దాన్నే వదిలేస్తున్నారు. నన్ను బాధపెట్టేది ఇదే.

మెరక సంగతీ చూడాలి. పొలమో చెరువో అయిన స్థలంలో మట్టి తోలించి ఎత్తు చేస్తారు. ఆ మట్టి మీద పునాది నిలవదు, తోలిన మట్టిని దాటి పాత నేలలోకి దిగాలి. గదుల లోపల పోసే మట్టిని అరడుగుకు మించని పొరలుగా వేసి, తడిపి, దిమ్మిస కొట్టించాలి. ట్రాక్టర్లతో ఒకేసారి నింపేసి పైన టైల్స్ పరిచిన ఇళ్లలో రెండేళ్లకే గచ్చు గోడ వారన దిగిపోయి, స్కర్టింగు కింద వేలు దూరేంత సందు కనిపిస్తుంది. ఎత్తు ఎంత పెట్టాలో ఊళ్లో పెద్దవాళ్లను అడగండి. 1986 ఆగస్టు వరద, 2022 జూలై వరద ఎక్కడిదాకా వచ్చాయో వారు చేత్తో చూపిస్తారు. లంక గ్రామాల్లో ఆ గుర్తు కన్నా గచ్చు పైన ఉండాలి.

ఉప్పు గురించి కొంచెం ఎక్కువగానే చెప్పాలి. తీరం వైపు ఊళ్లలో పాత డాబాల పోర్టికో స్తంభాల మొదళ్లు చూడండి. మొదట మూల వెంట వెంట్రుకంత నిలువు చీలిక, దాని చుట్టూ తుప్పు మరక. కొన్ని వానాకాలాలు గడిచాక ఆ మూల పెచ్చుగా ఊడిపడుతుంది, లోపలి ఊచ పొరలు పొరలుగా ఉబ్బి బయటపడుతుంది. ఇనుము తుప్పు పడితే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, ఆ ఒత్తిడికి కాంక్రీటు పగులుతుంది. ఊచకూ బయటి గాలికీ మధ్య కాంక్రీటు పలచగా, గుల్లగా ఉంటే ఇది ఇంకా తొందరగా జరుగుతుంది.

కాంక్రీటు పనికి వర్తించే ఐఎస్ 456 కోడు ప్రకారం తీరప్రాంత వాతావరణానికి నేరుగా గురయ్యే భాగాలకు కనీసం ఎం 30 కాంక్రీటు (ఎం పక్కనున్న అంకె పెరిగేకొద్దీ బలం ఎక్కువ), ఊచల మీద 45 మిల్లీమీటర్ల కవరు, అంటే ఊచను కప్పే కాంక్రీటు మందం, ఉండాలి. తీరప్రాంతమైనా ఉప్పుగాలి నేరుగా తగలని చోట ఎం 25, 30 మిల్లీమీటర్లు. స్తంభాలకు ఎక్కడైనా మామూలుగా కనీసం 40 మిల్లీమీటర్లు. ఒకటి సిమెంటుకు ఒకటిన్నర ఇసుక, మూడు కంకర అని గమేళాలతో కొలిచి కలిపే పద్ధతిని కోడు ఎం 20 వరకే ఒప్పుకుంటుంది. ఆ పైన ల్యాబులో నిర్ణయించిన మిశ్రమం కావాలి. అంటే సముద్రం దగ్గర ఇల్లు కట్టేవారికి మేస్త్రీ చేతి లెక్క చాలదు, అతను ఎంత పనిమంతుడైనా సరే. నీళ్లూ ముఖ్యమే. ఊచలున్న కాంక్రీటుకు వాడే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకూడదు. తీర మండలాల్లో, రొయ్యల చెరువుల పక్కన బోరు నీళ్లను పరీక్ష చేయించకుండా వాడకండి.

నాలుగు దారులు

| పద్ధతి | సామాను ఎవరు కొంటారు | కాపలా ఎవరిది | మధ్యలో మార్పులు | డబ్బు ఎక్కడ జారుతుంది |
|---|---|---|---|---|
| రోజు కూలి | మీరు | పూర్తిగా మీది | ఎన్నైనా సులువు | పని సాగదీయడంలో |
| మేస్త్రీకి కూలీ కాంట్రాక్టు | మీరు | మీది, మీరు పెట్టుకున్న ఇంజినీరుది | పరవాలేదు | సామాను వృథాలో |
| సామానుతో సహా స్థానిక కాంట్రాక్టు | కాంట్రాక్టరు | మీ తరఫు మనిషి లేకపోతే ఎవరిదీ కాదు | అదనపు బిల్లు | సామాను నాసిరకంలో |
| సంస్థ లేదా పెద్ద పనుల కాంట్రాక్టరు | వాళ్లు | కాగితం మీద వాళ్లది | కష్టం, ఖరీదు | మొదటి ధరలో లేని పనుల్లో |

రోజు కూలి పద్ధతి ఇప్పుడు చిన్న పనులకే తగినది. ప్రహరీ, వంటగది పొడిగింపు, పాత పెంకుటింటి మరమ్మతులాంటివి. ముఖ్యంగా మండువా లోగిలి బాగుచేయించేవారు ఇదే పద్ధతి పట్టుకోవాలి. విప్పితే గానీ దూలం ఎంత పుచ్చిందో తెలియదు, తెలియని పనికి ముందే ధర కట్టించుకుంటే ఎవరో ఒకరు నష్టపోతారు. కొత్త ఇల్లు మొత్తం రోజు కూలి మీద కట్టిస్తే నాట్లప్పుడూ కోతలప్పుడూ కూలీలు పొలానికి వెళ్లిపోతారు, పని ఏడాదికి పైగా లాగుతుంది.

కూలీ కాంట్రాక్టు డెల్టాలో బాగా అలవాటైన దారి. సిమెంటు, ఇసుక, కంకర, ఇటుక, ఇనుము మీరు తెస్తారు, మేస్త్రీ చదరపు అడుగు లెక్కన పని చేయిస్తాడు. సామాను మీ చేతిలో ఉంటుంది కాబట్టి సిమెంటు తగ్గించడంలో అతనికి లాభం లేదు. ఈ పద్ధతిలో నాకు నచ్చేది అదే. అయితే అతనికి లాభం తెచ్చేది ఇంకోటి ఉంది: పని తొందరగా అయిపోవడం. దాని ఫలితం శ్లాబు రోజున కనిపిస్తుంది. మిక్సరు తిరుగుతోంది, పైన ఊచల మధ్యకు కాంక్రీటు సరిగా జారడం లేదు, ఇంకో బకెట్టు నీళ్లు పోయమని పైనుంచి కేక వస్తుంది. కాంక్రీటు జారుడుగా అయి సులువుగా పరుచుకుంటుంది, సాయంత్రానికి శ్లాబు పూర్తవుతుంది, బలం మాత్రం తగ్గిపోతుంది. 50 కిలోల బస్తాకు ఎం 20 మిశ్రమంలో నీళ్లు 30 లీటర్లు మించకూడదు, వానకు తడిసిన ఇసుకైతే అందులో ఉన్న నీటిని కూడా ఆ 30 లీటర్లలోంచే తగ్గించాలి. ఆ రోజు మిక్సరు దగ్గర మీ మనిషి ఒకరు నిలబడి బకెట్లు లెక్కపెట్టాలి. జారడం లేదంటే వైబ్రేటరు పెట్టించాలి.

మేస్త్రీలను తక్కువ చేయడానికి ఈ మాట చెప్పడం లేదు. గోడ నిటారుగా లేపడంలో, గచ్చు వాటం చూడడంలో, వాన నీరు ఎటు పోవాలో ముందే ఊహించడంలో మన ఊరి మేస్త్రీకి ఉన్న చేతి వాసి చాలా సంస్థలకు లేదు. అతనికి డ్రాయింగు ఇవ్వండి, ఇంజినీరును విడిగా పెట్టుకోండి. ఆ ఇంజినీరు పునాది గోతుల్లో కాంక్రీటు పోసే ముందు, స్తంభాల మొదళ్లప్పుడు, ప్లింత్ బీముకు (గచ్చు మట్టంలో పోసే బీము), శ్లాబు ఊచలు కట్టాక తప్పనిసరిగా రావాలి. అతని ఫీజు మీరే ఇవ్వాలి, కాంట్రాక్టరు ద్వారా ఇప్పించకూడదు.

సామానుతో సహా ఇచ్చే కాంట్రాక్టు ప్రశాంతంగా కనిపిస్తుంది. అన్నిటికన్నా ఎక్కువ గొడవలు వచ్చేది కూడా ఇక్కడే. కారణం లెక్కలోనే ఉంది. ధర ముందే ఖాయమైపోయింది కాబట్టి, ఆ తరువాత మిగిలే ప్రతి బస్తా ఆయన లాభం. ఘనమీటరు ఎం 20 కాంక్రీటుకు సుమారు 8 బస్తాల సిమెంటు కావాలి. ఆరు బస్తాలతో పోసినా ఆ రోజున చూడడానికి అలాగే ఉంటుంది. నిజాయితీ గల కాంట్రాక్టర్లు ఎందరో ఉన్నారు. అయినా ఇంత ఖర్చయ్యే పనిలో ఒకరి నిజాయితీ మీదే ఆధారపడడం ఇద్దరికీ మంచిది కాదు. అందుకే చదరపు అడుగు ధరతో పాటు ఏ సిమెంటు, ఏ గ్రేడు ఇనుము, ఏ మిశ్రమం, ఏ రకం తలుపు చెక్క, టైల్స్ ఏ ధరవి అన్నవన్నీ రాయించుకోండి. అడుగుల లెక్క ఎలా అన్నదీ ముందే తేలాలి. పోర్టికో పూర్తిగా లెక్కలోకి వస్తుందా, సగమా? మెట్లు, పిట్టగోడ, సెప్టిక్ ట్యాంకు, మట్టి తోలకం ధరలోనివేనా? తక్కువ రేటు చెప్పినవాడు వీటన్నిటినీ బయట పెట్టి ఉంటే చివరికి ఎక్కువ రేటు చెప్పినవాడే చవక అవుతాడు.

నాలుగో దారిలో ఇద్దరు ఉన్నారు, వాళ్లను కలిపి చూడకూడదు. ఇళ్లే కట్టే సంస్థకు డ్రాయింగులు, ఇంజినీరు, రెడీమిక్స్ అలవాటు. తీరం దగ్గర, పైల్స్ అవసరమైన చోట వీరికిచ్చే అదనపు సొమ్ము వృథా కాదు. వారి పని మనుషులు మాత్రం చాలాచోట్ల దూరం నుంచి వచ్చిన ముఠాలు, గృహప్రవేశం అయ్యాక బాత్రూములో చెమ్మ కనిపిస్తే పిలవగానే రారు. ఇంకొకరు రోడ్లు, వంతెనలు, గోదాములు చేసే కాంట్రాక్టరు. ఆయనకు పునాది, స్తంభం, బీము దగ్గర మంచి పట్టు ఉంటుంది. స్నానాల గది వాటం, స్విచ్చి బోర్డుల చోటు, గుమ్మాల పొందిక దగ్గరకు వచ్చేసరికి ఓపిక ఉండదు. పైగా పెద్ద బిల్లు పని దొరికితే మీ ఇంటి మనుషులను అటు తీసుకుపోతాడు. ఆయనకే ఇవ్వాలనుకుంటే శ్లాబు వరకు ఇచ్చి, మిగతాది మేస్త్రీకి విడిగా అప్పగించండి. డాబా పైన రేకుల షెడ్డు వేసే పనిలో మాత్రం గోదాములు కట్టినవారే మేలు. 1996 నవంబరు 6 నాటి కోనసీమ తుపాను చూసినవారికి గాలి ఎంత పని చేస్తుందో చెప్పనక్కర్లేదు, ఆ రేకులు ఇంటి పనివాళ్లు కట్టే తీగలతో ఆగవు.

ఎవరికి ఏది

ఊళ్లోనే ఉండి రోజూ పని చూడగల రైతు కుటుంబానికి కూలీ కాంట్రాక్టు, విడిగా ఇంజినీరు. ఖర్చు తగ్గుతుంది, నాణ్యత మీ చేతిలో ఉంటుంది. చేపల చెరువుల పక్కన కడుతుంటే ఊట నీటి సంగతి ఇంజినీరుకు ముందే చెప్పండి.

హైదరాబాదులోనో అమెరికాలోనో ఉండి అమ్మానాన్నల కోసం ఊళ్లో కట్టించేవారి సంగతి వేరు. డెబ్బై ఏళ్ల తండ్రిని సిమెంటు బస్తాల లెక్క చూడమనడం న్యాయం కాదు. వీడియో కాల్‌లో శ్లాబు అందంగానే కనిపిస్తుంది, ఊచ కింద కవరు బిళ్ల ఉందో లేదో తెలియదు. మీకు సామానుతో సహా కాంట్రాక్టు గానీ, సంస్థ గానీ నయం, అదీ మీరు జీతమిచ్చే ఇంజినీరు ఉన్నప్పుడే. ప్రతి దశలో అతను సరేనని రాసిచ్చాకే డబ్బు పంపండి.

బ్యాంకు రుణంతో కట్టే ఉద్యోగులకు చిక్కు ఇంకోచోట ఉంది. బ్యాంకు దశ పూర్తయ్యాక సొమ్ము వదులుతుంది, కాంట్రాక్టరు దశ మొదలయ్యే ముందు అడుగుతాడు. ఆ మధ్య దూరానికి సరిపడే సొంత డబ్బు లేకుండా సామానుతో సహా ఒప్పుకుంటే పని సగంలో ఆగుతుంది. కూలీ కాంట్రాక్టులో సామాను కొద్దికొద్దిగా కొనుక్కోవచ్చు కాబట్టి కొంత వెసులుబాటు.

సముద్రానికి దగ్గరగా స్థలం ఉన్నవారు డబ్బు తక్కువైతే ఇంటి పరిమాణం తగ్గించుకోండి, కాంక్రీటు గ్రేడు తగ్గించకండి. రెండు గదులు తరువాతైనా వేసుకోవచ్చు.

కాలం కూడా చూసుకోవాలి. వేసవిలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేసినప్పుడు భూమిలో నీటిమట్టం దిగుతుంది, పునాదులు తవ్వడానికి అదే అనువు. అప్పుడే తడపడానికి మంచినీళ్లు దొరకవు, బోర్లలో ఉప్పు పెరుగుతుంది. కాలువ ఉండగానే ఒక తొట్టి కట్టించి నింపుకోవాలి. గోదావరికి వరద వస్తే ఇసుక రాక ఆగిపోతుంది, శ్లాబుకు కావలసింది జూన్‌లోపే దింపించుకోండి. ఆషాఢంలో శంకుస్థాపనలు ఉండవు కాబట్టి వైశాఖంలో మేస్త్రీలకు గిరాకీ ఎక్కువ, మాఘంలోనే మాట్లాడుకుంటే దొరుకుతారు.

ఒప్పందంలో ఉండాల్సినవి

ఎవరికిచ్చినా స్టాంపు కాగితం మీద రాసుకోండి, బంధువైతే మరీ తప్పదు. డబ్బు దశలవారీగా ఉండాలి: పునాది, ప్లింత్, లింటెల్, శ్లాబు, ప్లాస్టరింగు, చివరి పనులు. ఏ దశలోనూ మీరిచ్చింది జరిగిన పని విలువను దాటకూడదు. సెంట్రింగు ఎప్పుడు విప్పాలో రాయండి. ఆధారాల మధ్య దూరం నాలుగున్నర మీటర్ల లోపున్న శ్లాబుకు ఊతకర్రలు 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు, 6 మీటర్ల లోపు బీములకు 14 రోజులు ఉంచాలని సాధారణ (ఓపీసీ) సిమెంటుకు కోడు. సెంట్రింగు అద్దె మీద తెచ్చినవాడికి ముందే విప్పుకుపోవాలని తొందర ఉంటుంది. పీపీసీ (బూడిద లాంటివి కలిపిన) సిమెంటు వాడితే తడపడం కనీసం 10 రోజులు, మన ఎండలకు 14 రోజులు. ఆ నీళ్లు కొట్టే బాధ్యత మీదో మేస్త్రీదో అన్న మాట కూడా కాగితంలో ఉండాలి. లేకపోతే ఎవరూ కొట్టరు.

మధ్యలో మార్పులు అడిగితే ధర ముందు రాసుకుని, ఇద్దరూ సంతకం పెట్టాకే పని మొదలుపెట్టాలి. మొత్తంలో పదో వంతు సొమ్మును ఒక వానాకాలం గడిచేదాకా ఆపుకోండి. శ్లాబు కారుతుందో లేదో, గచ్చు దిగుతుందో లేదో ఆ వానల్లోనే తేలుతుంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఇంటి నిర్మాణాన్ని కూడా సేవగానే లెక్కిస్తుంది. పని చెడితే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. అప్పుడు చూపించడానికి ఆ ఒప్పందం, ఇచ్చిన సొమ్ముకు రసీదులు, ఒక్కో దశలో కాంక్రీటు పోయకముందు తీసిన ఊచల ఫోటోలు మీ దగ్గర ఉండాలి.